పిప్పిపన్ను ఎవరి పాపం?

‘దంతశుద్ధి’ అనే మాట ఆమోసు గ్రంథంలో ఉంది. బైబిలు వరుసగా చదివే విశ్వాసులు కూడా దాన్ని గబగబా దాటేస్తారు. తన ప్రజల పట్టణాలన్నిటిలో దంతశుద్ధి కలిగించానని దేవుడు అక్కడ అంటాడు (ఆమోసు 4:6). ఊరందరికీ పళ్ళు తోమించాడని దాని అర్థం కాదు. తినడానికి తిండే లేనప్పుడు పంటికి అంటుకునేది ఏముంటుంది? కరవును చెప్పడానికి హెబ్రీయులు వాడిన పలుకుబడి అది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. హెబ్రీ భాషలో మన నోట్లో పన్నుకూ, ఏనుగు దంతానికీ ఒకటే మాట, ‘షేన్’. తెలుగులోనూ దంతమంటే రెండూ కదా! తెకోవలో పశువులు కాచుకునే ఆమోసు ఈ ఒక్క మాటనే పేదవాడి ఖాళీ నోటికీ, ధనవంతుడి దంతపు మంచానికీ (6:4), దంతపు ఇంటికీ (3:15) వాడాడు. అతిశయోక్తి అనుకోవడానికి లేదు. 1930లలో సమరయలో తవ్వకాలు జరిపినప్పుడు రాజనగరు శిథిలాల్లో చెక్కడాలున్న దంతపు పలకలు గుట్టలుగా బయటపడ్డాయి. మన విశాఖపట్నం కూడా తక్కువది కాదు. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్ళు దంతం పొదిగి చేసిన పెట్టెలు, కుర్చీలు ఈస్టిండియా కంపెనీ దొరల ఇళ్ళకు చేరేవి. వాటిలో కొన్నిటిని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు.

అలా దంతపు పనికి పేరుపడ్డ నగరం పొలిమేరలో, ఆనందపురం మండలంలోని బడిపిల్లల దంతాల సంగతి ఈ వారం మాట్లాడుకుందాం. విశ్వాసానికి సంబంధించిన శీర్షికలో పళ్ళ గోల ఏమిటని కొందరు విసుక్కోవచ్చు. ఆమోసు విసుక్కోలేదు గనుక మనమూ కాస్త ఓపిక పడదాం.

ఆనందపురం తెలియని విశాఖవాసి ఉండడు. 16వ నంబరు జాతీయ రహదారి మీద మధురవాడ దాటి విజయనగరం వైపు వెళ్తుంటే వస్తుంది. పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్ళే రహదారి ఇక్కడే చీలుతుంది. కూడలిలో తెల్లవారకముందే పూల బుట్టలు దిగుతాయి. ఆ పూలు కోయడానికి తల్లులు చీకటుండగానే తోటలకు పోతారు. తండ్రులు మధురవాడ వైపు తాపీ పనికో, లారీల మీదికో పోతారు. పిల్లవాడు లేచేసరికి ఇంట్లో నాయనమ్మ ఉంటుంది, లేదా ఎవరూ ఉండరు. తల్లి పెట్టి వెళ్ళిన అయిదు రూపాయల బిళ్ళ మాత్రం ఉంటుంది. ఆ అయిదు రూపాయలకు సందు చివరి కొట్టులో ఏం దొరుకుతుందో మీరే లెక్కవేయండి. ఒక క్రీము బిస్కెట్ల ప్యాకెట్టు వస్తుంది. కాదంటే రూపాయి చాక్లెట్లు అయిదు. అరటిపండు రావచ్చు, రాకపోవచ్చు. గుడ్డు రాదు, గ్లాసెడు పాలు రావు. ఆమోసు కాలంలో పేదవాడికి తిండిలేక పళ్ళు శుభ్రంగా ఉండేవి. మన కాలంలో పేదవాడికి అందుబాటులో ఉన్న తిండే పళ్ళను తినేస్తోంది.

అదే రోడ్డు మీద అదే సమయానికి కార్పొరేట్ బడుల బస్సులు కూడా వెళ్తుంటాయి. వాటిలోని పిల్లలు చాక్లెట్లు తినరా? తింటారు, ఖరీదైనవే తింటారు. వాళ్ళ పళ్ళూ పుచ్చుతాయి. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002-03లో దేశమంతటా నోటి ఆరోగ్యం మీద సర్వే జరిపింది. అయిదేళ్ళ పిల్లల్లో 51.9 శాతం మందికి, పన్నెండేళ్ళవారిలో 53.8 శాతం మందికి, పదిహేనేళ్ళవారిలో 63.1 శాతం మందికి పుచ్చుపళ్ళు ఉన్నాయని తేలింది. ఇరవయ్యేళ్ళ కిందటి ఆ లెక్క ప్రకారమే తరగతిలో సగంమంది. ఒక్క పేదవాళ్ళ పిల్లలతోనే ఇంత సంఖ్య రాదు.

తేడా ఆ తరువాత మొదలవుతుంది. కలిగినవారి బిడ్డ పన్ను జివ్వుమందంటే ఆ సాయంత్రమే ద్వారకానగర్‌లోనో, ఎంవీపీ కాలనీలోనో డాక్టరు దగ్గర పూడ్పిస్తారు. పెద్ద సంస్థల్లో శాశ్వత ఉద్యోగి బిడ్డకు సంస్థ వైద్యం ఉంటుంది. అదే సంస్థలో కాంట్రాక్టు కూలీ బిడ్డకు మొదట లవంగం పెడతారు. తరువాత ఉప్పునీళ్ళు, ఆ తరువాత మందుల షాపులో అడిగి తెచ్చిన నొప్పి బిళ్ళ. నెలలు గడిచాక బుగ్గ వాచి, జ్వరం వచ్చి, రాత్రంతా బిడ్డ ఏడ్చాక అప్పుడు ఆసుపత్రి. అప్పటికి పూడ్చడానికి పన్నులో ఏమీ మిగలదు. ఒకరి పన్ను పూడుతుంది, ఇంకొకరి పన్ను ఊడుతుంది. ఈలోగా ఆ బిడ్డ ఒక పక్కనే నములుతాడు, తిండి తగ్గుతుంది, బడి మానేస్తాడు. పాఠం వినడం లేదని టీచరు కసురుకుంటే నోరు నొప్పి అని కూడా చెప్పడు. నొప్పి అలవాటైపోయిన బిడ్డకు అదొక ఫిర్యాదులా తోచదు.

“పంటి పోటుకు ఎవరైనా చచ్చిపోతారా?” అని తేలిగ్గా అనేస్తాం. 2007 ఫిబ్రవరిలో అమెరికాలోని మేరీలాండ్‌లో పన్నెండేళ్ళ పేద బాలుడు పిప్పిపన్నులోని చీము మెదడుకు పాకి చనిపోయాడు. సుమారు 80 డాలర్లతో ఆ పన్ను తీసేస్తే సరిపోయేది. ఆ తరువాత ఆసుపత్రిలో అతడి వైద్యానికి రెండున్నర లక్షల డాలర్లు దాటింది. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో, దేశ రాజధాని పక్కనే జరిగిన సంగతి ఇది.

వేల్స్‌లో బొగ్గు గని కార్మికుల పల్లెలో వైద్యం చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుందని, దాన్ని బజారుకు వదిలేసినకొద్దీ ఈ తలకిందుల న్యాయం ముదురుతుందని అందులో చెప్పాడు. మన దేశంలో 300కు పైగా దంతవైద్య కళాశాలలున్నాయి. ఆనందపురానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, తగరపువలస దగ్గర సంగివలసలో ఒకటి, రుషికొండలో ఇంకొకటి ఉన్నాయి. కళాశాల ఆసుపత్రుల్లో వైద్యం సాధారణంగా బయటికన్నా చవకే. కానీ కూలి మానుకుని, బస్సు పట్టుకుని, చంకలో చిన్నదాన్ని వేసుకుని వెళ్ళి, చీటీ రాయించుకుని కూర్చోవాలి. మళ్ళీ వారం రమ్మంటారు. మళ్ళీ ఒకరోజు కూలి పోతుంది. దూరాన్ని కిలోమీటర్లలో కొలిచేది మనం, కూలి రోజుల్లో కొలుచుకునేది ఆ తల్లి.

ఆ తల్లినే మనం ముందుగా తప్పుపడతాం. “పళ్ళు తోమించరు, శుభ్రత లేదు, ఏదడిగితే అది కొనిపెడతారు” అని బడిలో అంటారు. ఆసుపత్రిలో అంటారు. చర్చి మెట్ల మీదా అంటారు. ఏడేళ్ళ కూతురి కింది దవడలో నల్లగా గుంటపడ్డ పన్ను చూపించి ఇదేమిటమ్మా అని అడిగితే ఒక తల్లి చెప్పిన జవాబు ఇది: “పాలపన్నే కదండీ అయ్యగారూ, ఎలాగూ ఊడిపోద్ది.” అది పాలపన్ను కాదు. ఆరేళ్ళ వయసులో, ఏ పాలపన్నూ ఊడకుండానే, వరుస చివర ఖాళీ జాగాలో మొలిచే శాశ్వతమైన దవడ పన్ను అది. పోతే మళ్ళీ రాదు. ఈ ముక్క ఆమెకు ఎవరు చెప్పారు గనుక? చదువుకున్న తల్లిదండ్రుల్లోనూ సగంమందికి తెలియదు. అయితే వాళ్ళకు ఆ సంగతి చెప్పడానికి ఆర్నెల్లకోసారి చూసే డాక్టరున్నాడు.

తల్లిదండ్రుల తప్పును పిల్లల పళ్ళలో చూడడం కొత్త అలవాటు కాదు. పెద్దలు పచ్చి ద్రాక్ష నమిలితే పిల్లల పళ్ళు జివ్వుమన్నాయనే సామెత యిర్మీయా కాలంలోనే జనం నోట నలిగింది (యిర్మీ. 31:29, యెహె. 18:2). చెరలో ఉన్నవారు తమ బతుకింతేనని సరిపెట్టుకోవడానికి దాన్ని వాడుకునేవారు. నేటి వైద్యశాస్త్రం చూస్తే ఆ సామెతలో కొంత నిజం లేకపోలేదు. పాలపళ్ళ పైపూత, అంటే ఎనామిల్, తల్లి కడుపులో నాలుగో నెల దాటకముందే తయారవడం మొదలవుతుంది. తల్లికి సరైన తిండి లేకపోయినా, నెలలు నిండకుండా కాన్పు అయినా ఆ పూత పలచబడవచ్చు, గుంటలు పడవచ్చు. అలాంటి పన్ను తొందరగా పుచ్చుతుంది. పుచ్చుకు కారణమయ్యే సూక్ష్మక్రిములు కూడా ఎక్కువగా తల్లి నోటినుంచే, ముద్ద కొరికి పెట్టినప్పుడో ఒకే చెంచా వాడినప్పుడో బిడ్డకు చేరతాయి. గర్భిణిగా ఆమె తినని తిండి, ఆమెకు అందని వైద్యం బిడ్డ నవ్వులో కనిపిస్తాయన్నమాట.

ఇంత నిజమున్నా ఆ సామెతను ఇక ఎవరూ పలకకూడదని దేవుడు యెహెజ్కేలు చేత చెప్పించాడు. ఎందుకు? ఒకరి నేరం ఇంకొకరి నెత్తిన రాయడానికి ఆయన ఒప్పుకోడు కాబట్టి. పైగా ఆ సామెత వల్ల నడుమనున్న మనందరికీ చేతులు దులుపుకోవడం తేలికవుతుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసినప్పుడు శిష్యులు అడిగిందీ ఇలాంటి ప్రశ్నే, పాపం వీడిదా, కన్నవారిదా అని (యోహాను 9). యేసు ప్రభువు ఆ విచారణలోకి దిగలేదు. వంగి, నేలమీది మట్టి తడిపి, పని మొదలుపెట్టాడు.

పని మొదలుపెట్టాలంటే పన్ను ఎలా పుచ్చుతుందో తెలియాలి. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పంటిమీది పాచిలో ఉండే క్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌లోని సున్నాన్ని కరిగిస్తుంది. లాలాజలం మెల్లగా దాన్ని సరిచేస్తుంది, అయితే అందుకు అరగంటో, ఇంకాసేపో పడుతుంది. అందుకే ఎంత తీపి తిన్నామనే దానికన్నా ఎన్నిసార్లు తిన్నామనేది ముఖ్యం. పండుగనాడు భోజనంలో రెండు బూరెలు తిన్న పిల్లవాడికంటే పొద్దుటినుంచి గంటకొక చాక్లెట్ చప్పరించిన పిల్లవాడికి నష్టం ఎక్కువ. తల్లి లేని ఇంట్లో వేళకు భోజనం ఉండదు, ఇలాంటి చిరుతిళ్ళే ఉంటాయి.

ఈ సంగతి మనకు ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. స్వీడన్‌లోని విపేహోల్మ్ ఆసుపత్రిలో 1940లలో మేధోవైకల్యం ఉన్న రోగులకు, వాళ్ళ అనుమతి లేకుండా, పంటికి అతుక్కునే మిఠాయిలు భోజనాల మధ్య తినిపించి చూశారు. చాలామంది పళ్ళు నాశనమయ్యాయి. నోరు లేనివారి నోళ్ళు పాడుచేసి సంపాదించిన జ్ఞానం ఇది. దీన్ని తెలిసి కూడా వాడుకోకపోతే అది వాళ్ళకు రెండోసారి చేసే అన్యాయం.

రెండో విషయం ఫ్లోరైడ్. వేపపుల్ల, కానుగపుల్ల పాచిని బాగానే వదిలిస్తాయి, వాటిని వెక్కిరించనవసరం లేదు. కరిగిన ఎనామిల్‌ను మళ్ళీ గట్టిపరిచేది మాత్రం పేస్టులోని ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ అనగానే మనవాళ్ళకు నల్గొండ, కనిగిరి గుర్తొచ్చి భయం వేస్తుంది. అక్కడి బాధ మోతాదు మించిన ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళను ఏళ్ళ తరబడి తాగడం వల్ల వచ్చింది. పంటికి రాసి ఉమ్మేసే పేస్టు సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యవసర మందుల జాబితాలోనే చేర్చింది. మన దగ్గర ఆ అత్యవసర మందు మీద 2017 జూలై నుంచి 18 శాతం జీఎస్టీ వేశారు. పంచదార మీద 5 శాతమే. 2025 సెప్టెంబరు 22 నుంచి పేస్టు, బ్రష్షుల పన్నును కూడా 5 శాతానికి తగ్గించారు, సంతోషం. అదేరోజు చాక్లెట్లు, బిస్కెట్ల పన్ను కూడా 18 నుంచి 5కు దిగింది. ప్రభుత్వం ఎవరి నోరు తీపి చేయాలనుకుందో గానీ, ఇద్దరినీ ఒకే తక్కెడలో వేసింది.

ప్రభుత్వాన్ని అనడం తేలిక. మన ఇంటి సంగతి చూద్దాం. ఆదివారం బడిలో కంఠత వాక్యం అప్పజెప్పిన బిడ్డకు ఏమిస్తాం? చాక్లెట్. పుట్టినరోజని ఏ పెద్దలైనా పంచేది? చాక్లెట్లు. వేసవి బైబిల్ బడిలో విరామానికి? క్రీము బిస్కెట్లు, రంగు నీళ్ళు. క్రిస్మస్ నెలంతా కేకులు. ప్రేమతో ఇచ్చేవే, కాదనను. కలిగినవారి బిడ్డ ఇంటికెళ్ళి పళ్ళు తోముకుంటుంది, పుచ్చితే పూడ్పించుకుంటుంది. వెనుక బెంచీలో కూర్చున్న కూలివాళ్ళ బిడ్డకు అదే చాక్లెట్ ఆరోజు మూడోది కావచ్చు. దేవుని వాక్యం తేనెకన్నా తీయనిదని కీర్తనకారుడు అనుభవంతో చెప్పాడు. దానికి మనం పైన చక్కెర పూయనక్కరలేదు. వేరుశనగలు, శనగలు, జామకాయ ఇవ్వవచ్చు. పెన్సిలు ఇవ్వవచ్చు. బ్రష్షు ఇస్తే పిల్లలు మొహం ముడుచుకుంటారని కొందరు టీచర్ల భయం. రంగురంగులవి ఇచ్చి చూడమనండి.

యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో, బట్టా తిండీ లేని సహోదరుణ్ణి వట్టి దీవెన మాటలతో సాగనంపేవారి ప్రస్తావన ఉంది. ప్రార్థన మనవుల్లో గుండెజబ్బుంటుంది, వీసా ఉంటుంది. పిల్లల పంటినొప్పి ఎప్పుడైనా విన్నారా? సంఘాల్లో కారున్న కుటుంబాలు నాలుగైనా ఉంటాయి. నెలకు ఒక శనివారం నలుగురు పిల్లల్ని, వాళ్ళ తల్లి కూలి పోకుండా, సంగివలసకో రుషికొండకో కేజీహెచ్‌కో తీసుకెళ్ళి తీసుకురావడం పెద్ద పరిచర్యలా కనిపించకపోవచ్చు. సువార్త సభకు పెట్టే మైకు ఖర్చుకన్నా ఇది తక్కువే.

ఇంగ్లండులో పిల్లలకు పంటివైద్యం ఉచితం. అయినా 2022లో అయిదేళ్ళ పిల్లల్ని పరీక్షిస్తే అత్యంత పేద ప్రాంతాల్లో నూటికి 35 మందికి, అత్యంత సంపన్న ప్రాంతాల్లో నూటికి 13, 14 మందికి పుచ్చు కనిపించింది. అంటే ఫీజు లేకపోవడం ఒక్కటే చాలదు. స్కాట్లండ్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. ‘చైల్డ్‌స్మైల్’ పేరుతో శిశుపాఠశాలల్లోనే, టీచరు కళ్ళెదుట, రోజూ పిల్లలందరిచేతా ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోమించారు. ఒకటో తరగతిలో చేరే పిల్లల్లో పుచ్చు కనిపించనివారు 2003లో 45 శాతం ఉంటే 2020 నాటికి 73 శాతం దాటారు. పేద పిల్లవాడు, కలిగిన పిల్లవాడు ఒకే వరుసలో నిలబడి తోముకున్నారు. తల్లి ఇంట్లో ఉందా, పూలతోటలో ఉందా అన్న ప్రశ్నే రాలేదు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వ బడుల్లోనూ ఇలాగే చేతులు కడుక్కోవడం, పళ్ళు తోముకోవడం కలిపి నడిపారు. అది మనకన్నా మరీ ధనిక దేశమేమీ కాదు.

మన ప్రభుత్వ బడులకూ దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించే జబ్బుల్లో పంటి జబ్బులూ ఉన్నాయి. మీ ఊరి బడికి ఆ బృందం వచ్చిన రోజు ఎవరి పేర్లు రాసుకున్నారో హెడ్మాస్టరుగారిని అడగండి. రాసిన పేరు ఆసుపత్రికి చేరేదాకా వెంటపడేవారు లేకనే సగం పని ఆగిపోతుంది. 2020 నుంచి బడి భోజనంలో చిక్కీ చేరింది. ఇనుము కోసం అది మంచిదే. తిన్నాక నోరు పుక్కిలించమని చెప్పేవారు ఒకరుండాలి.

పళ్ళ డాక్టరును అడగవలసినవి రెండున్నాయి. ఆరేళ్ళ దవడ పన్ను మంచిగా ఉంటే దాని గుంటల్లో సీలెంటు పూయమనండి. ఇప్పటికే పుచ్చు మొదలైతే సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే ద్రావకం ఉంది. యంత్రం, సూది లేకుండా పూస్తారు. ఆ చోటు నల్లబడుతుంది గానీ పుచ్చు చాలామటుకు అక్కడితో ఆగుతుంది. ఖర్చు స్వల్పం.

ఇంటి దగ్గర రోజుకు రెండుసార్లు తోమాలి, రెండోది పడుకోబోయే ముందు. పూలతోటకు వెళ్ళే తల్లికి పొద్దున వీలుకాకపోయినా రాత్రి వీలవుతుంది. మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపు గింజంత పేస్టు, ఆ పైవారికి బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు నిండా పెట్టనక్కరలేదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళ చెయ్యి పడాలి, నాయనమ్మ చెయ్యయినా సరే. నురగ ఉమ్మేశాక వెంటనే నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ ఇంకాసేపు పంటిమీద ఉంటుంది.